మన నాలా ఎక్కడికి పోతుంది

మొదటి గట్టి వాన పడిన రాత్రి షోలాపూర్ కుంఠా నాకాలో మా గల్లీవాళ్లెవరూ సరిగా నిద్రపోరు. ఉరుము కంటే ముందు కరెంటు పోతుంది, సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోతాయి. ఆ చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వస్తుంది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు సాంచాల చప్పుడుకి నిద్ర పట్టక ఏడుస్తారు, రెండేళ్లయ్యాక అది లేకపోతే నిద్ర పట్టక లేచి కూర్చుంటారు. అలా లేచి చూసేసరికి నీళ్లు గడప తాకుతుంటాయి. ఎవరో ఒకరు వెదురు గడ పట్టుకుని గల్లీ చివర మోరీ దగ్గరికి పరిగెడతారు.

పోయినేడు ఆ గడ పట్టుకున్నది నేనే. అరవై దాటినవాడికి ఇదేం పనని ఇంట్లో కేకలేశారు గానీ, కుర్రాళ్లు ఫోన్ల లైట్లు పట్టుకుని నిలబడితే ఎవరో ఒకరు దిగాలి కదా. మోకాలి లోతు నీళ్లలో నిలబడి మోరీలోకి గడ దూర్చి తిప్పాను. ఏదో చుట్టుకుంది. ఇద్దరం కలిసి లాగితే చెయ్యంత లావు తాడొకటి బయటికి వచ్చింది, ఆరడుగులకు తక్కువ ఉండదు. అది రాగానే నీళ్లు గడగడమని దిగిపోయాయి.

పొద్దున ఆ తాడును ఎండలో పరిచి చూశాను. నలభై ఏళ్లు నేతలో ఉన్నవాణ్ణి, చేతికి దొరికినదాన్ని పోగు విప్పకుండా ఉండలేను. ముందు తెల్ల నూలు వచ్చింది, టువాళ్ల అంచు కత్తిరించగా మిగిలిన పోగులు. దాంతో మెలిపడి చద్దర్ల ఎర్రపోగు, ఆకుపచ్చపోగు. మధ్యమధ్య పాల పాకెట్లు, గుట్కా పొట్లాలు, తలవెంట్రుకలు. బీడీలకు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు ఆ పోగుల్లో ఇరుక్కుని నాని నల్లబడ్డాయి. వీటన్నిటినీ పట్టి ఉంచింది మట్టి, మన నల్లరేగడి. సందు సందులో దూరి జిగురులా అంటుకుంది. ఈ తాడును పేనినవాడు లేడు, నీళ్లే పేనాయి. నేనైతే అంత గట్టిగా పేనలేను.

ఆ తాడులో మన వీధి చరిత్రంతా ఉంది. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

ముందు పేరు సంగతి. మరాఠీవాళ్లు కుమఠా అంటారు, కుమఠే ఊరికి పోయే దారిలో ఉన్న నాకా కాబట్టి. మన నోట్లో పడి అది కుంఠా అయింది. నాకా అంటే ఒకప్పుడు బళ్లు ఆపి జకాతు వసూలు చేసే చోటు, ఊరి పొలిమేర. మా తాతల కాలంలో ఇక్కడితో ఊరు అయిపోయేది. అవతల జొన్నచేలు, వాటి మధ్యనుంచి ఒక వాగు.

మా నాయనమ్మ దాన్ని వాగు అనే అనేది. పాలమూరు జిల్లా నుంచి వచ్చిన మనిషి, ఆమెకు పారేదంతా వాగే. మరాఠీ పొరుగువాళ్లు ఓఢా అనేవారు. మా నాన్న తరానికి అది నాలా అయింది. ఇప్పుడు మా మనవళ్లు గటార్ అంటున్నారు. ఏ అధికారీ వచ్చి పేరు మార్చలేదు, మనకు మనమే మార్చుకున్నాం. వాగు అన్నన్నాళ్లూ దాని ఒడ్డున బట్టలు ఉతికారు. గటార్ అన్నాక దాన్లో ఏం పారేసినా తప్పనిపించలేదు. మా గల్లీ వెనక పారే దానికి ప్రత్యేకంగా పేరు కూడా లేదు. పేరు లేనిదాని గురించి ఫిర్యాదు రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒకసారి ఒక ఆఫీసుకు అర్జీ పట్టుకుపోతే, అక్కడి గుమాస్తా 'ఏ నాలా?' అని అడిగాడు. 'మా ఇంటి వెనకది' అన్నాను. అతను నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది. అర్జీ మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇక తాడులోని పోగుల సంగతి. ఎదుటివాణ్ణి అనడానికి నోరు రాదు, అందులో నా పోగు కూడా ఉంది.

పడుగుకు గంజి పెట్టకపోతే సాంచా మీద పోగు నిలవదు, ఇది మనందరికీ తెలిసిందే. బట్ట తయారయ్యాక ఆ గంజిని కడిగెయ్యాలి. గంజి కదా, విషమేం కాదు, మనం తాగేదే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను చాలా ఏళ్లు. కానీ గంజి నీళ్లలో కలిస్తే కంటికి కనపడని సూక్ష్మజీవులకు పెళ్లిభోజనం. అవి తిని, పెరిగి, నీళ్లలో ఉన్న ప్రాణవాయువునంతా పీల్చేస్తాయి. చేపకు ఊపిరాడదు, కప్పకూ ఆడదు. గాలి అందని నీళ్లలో మరో రకం జీవులు పుట్టి, కుళ్లిన గుడ్డు వాసన లేపుతాయి. నాలా నల్లబడ్డానికి, కంపు కొట్టడానికి రంగులే కారణమని అందరూ అంటారు గానీ, అందులో సగం పాపం మన గంజిది, మన ఇళ్ల పాయిఖానా నీళ్లది.

రంగుల పాపం ఇంకో తీరు. నూలుకు అద్దిన రంగంతా నూలు పట్టదు, మిగిలింది నీళ్లతో పోతుంది. నా చిన్నప్పుడు నాలా చూసి ఇవాళ ఏ కార్ఖానాలో ఏ రంగు వేశారో చెప్పేవాళ్లం. పందెం కూడా కట్టేవాళ్లం. పొద్దున ఎరుపు, మధ్యాహ్నం నీలం. అది మాకు ఆట. రంగు పట్టడానికి ఉప్పు కూడా బాగా వేస్తారు. రంగు కంటికి కనిపిస్తుంది, ఉప్పు కనిపించదు. రంగును విరగ్గొట్టే పద్ధతులున్నాయి. కానీ ఉప్పు మామూలు మురుగు శుద్ధి కేంద్రంలో పోదు. నీళ్లతో పాటు కిందికి, ఎవరి చేలోకో పోతుంది. నల్లరేగడికి ఉప్పునీళ్లు పెట్టిపెట్టి చూడండి, కొన్నేళ్లకు ఆ మట్టి రాయిలా బిగుస్తుంది, నీళ్లు ఇంకవు.

తునికాకు మన ఆడవాళ్ల చేతి పని. మగవాడు సాంచా మీద, ఆడది చాట ఒళ్లో పెట్టుకుని బీడీల మీద, ఈ రెండు ఆదాయాలతోనే షోలాపూర్లో పద్మశాలి ఇల్లు నిలబడింది. కత్తిరించిన ముక్కలు గోనెసంచిలో చేరుతాయి. కొందరు పొయ్యిలోకి వాడతారు. గ్యాసు వచ్చాక పొయ్యి లేదు, సంచి నేరుగా నాలా గట్టు మీదికి పోతోంది. ఆకే కదా, మట్టిలో కలిసిపోతుంది అంటారు. మట్టిలో అయితే కలుస్తుంది. నూలుపోగుల్లో చిక్కితే మోరీకి బిరడా అవుతుంది.

ఇక మట్టి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే మట్టిని చెత్త అని ఎవరూ అనుకోరు.

మన షోలాపూర్ వాన సంగతి మీకు తెలుసు. నెలల తరబడి చుక్క ఉండదు. వచ్చిందంటే ఒక్క రాత్రిలో కుమ్మరిస్తుంది. ఎండాకాలమంతా నల్లరేగడి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చి ఉంటుంది. మొదటి జల్లుకు నాలా గట్టు పెళ్లలు పెళ్లలుగా విరిగి నీళ్లలో పడుతుంది. పూర్వం ఆ గట్టును గడ్డి, తుమ్మచెట్లు పట్టుకుని ఉండేవి. ఇప్పుడు గట్టు మీద కూలగొట్టిన గోడల పెంకులు, సిమెంటు పెళ్లలు పోస్తున్నారు. అవి గట్టును కాపాడతాయని మనమే అనుకుంటాం, నేనూ ఒకసారి ఒక బండి పోయించాను. రెండో వానకు ఆ పెంకులన్నీ జారి అడుగున కూర్చున్నాయి. అడుగు ఎత్తు పెరిగింది. ఎత్తు పెరిగిన చోట నీళ్లు పక్కకు తిరిగి అవతలి గట్టును కోశాయి. అవతలి గట్టు మీద ఉన్నది మా తోడల్లుడి ఇంటి వెనకగోడ. ఆ గోడ సంగతి ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎత్తుతాడు.

పైన ఇంకో మార్పు కూడా వచ్చింది. మా చిన్నప్పుడు వాన సగం నేల తాగేది. ఇప్పుడు కప్పులన్నీ రేకులు, స్లాబులు, గల్లీలన్నీ సిమెంటు. పడిన చుక్క పడినట్టే నాలాలోకి దూకుతుంది. 2011 జనాభా లెక్కల్లో తొమ్మిదిన్నర లక్షలున్న ఊరు మనది. అన్ని కప్పుల నీళ్లు ఒకే గంటలో దిగితే నాలా ఏం చేస్తుంది, గట్టును కోస్తుంది. 2020 అక్టోబరు వరదలో ఊరంతా చూశాం కదా.

ఒక విషయం తలచుకుంటే నాకు విడ్డూరంగా ఉంటుంది. ఈ ఊరి దైవం సిద్ధరామేశ్వరుడు. సంక్రాంతికి నందిధ్వజాలు మోస్తాం, గడ్డ యాత్ర చూస్తాం. ఆ సిద్ధరాముడు ఎవరు? 12వ శతాబ్దపు శరణుడు, అప్పటికి ఈ ఊరి పేరు సొన్నలిగె. ఆయన చేసిన పూజ చెరువు తవ్వించడం. కన్నడంలో శూన్య సంపాదనె అనే గ్రంథం ఉంది. అందులో కథ ప్రకారం అల్లమప్రభువు అనే మరో శరణుడు ఈ ఊరికి వచ్చినప్పుడు చెరువు పని జరుగుతోంది. ఆయన ఆ పనివాళ్ల దగ్గరికి పోయి, సిద్ధరాముణ్ణి 'ఒడ్డరాముడు' అని ఎకసెక్కంగా పిలుస్తూ, ఎక్కడున్నాడని అడుగుతాడు. మట్టి తవ్వే ఒడ్డెవాడు అని ఎత్తిపొడుపు. పనివాళ్లకు కోపం వచ్చి రాళ్లెత్తుతారు. మట్టి తట్టతో ఊరిని నిలబెట్టిన మనిషిని దేవుణ్ణి చేసుకున్న ఊరు ఇది. ఆయన చెరువు మధ్య గుడికి రోజూ జనం పోతారు, నేనూ పోతాను. చెరువులో ఏం తేలుతోందో చూసి కూడా చూడనట్టు దండం పెట్టుకుని వస్తాను.

ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ల కాలంలో ఆదిలా మీద ఏక్రూఖ్ చెరువు కట్టారు, 1871కి పూర్తయింది. మనం హిప్పర్గా తలావ్ అంటాం. మనలో చాలామందికి ఆదిలా ఒక నది అనే తెలియదు. ఊరి దగ్గరికి వచ్చేసరికి అది కూడా నాలా అయిపోయింది. కంబర్ తలావ్‌కు ఇప్పుడు సంభాజీ మహారాజు పేరు పెట్టారు. గుర్రపుడెక్క అల్లుకోవడం, తీయించడం, మళ్లీ అల్లుకోవడం చూస్తూనే ఉన్నాం. పైనుంచి మురుగు వచ్చినన్నాళ్లూ దానికి తిండి దొరుకుతుంది. తిండి దొరికితే ఎవరు పోతారు?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండేళ్ల కిందట వలిగొండ వైపునుంచి మా బావ ఒకాయన పెళ్లికి వచ్చాడు. వాళ్ల పొలం మూసీ కాలువ కింద. హైదరాబాదు మురుగంతా మూసీలో కలిసి వాళ్ల ఊరిమీదుగా పోతుంది. నురగ మనిషి ఎత్తు లేస్తుందని, ఆ నీళ్లతో పండిన వడ్లను మాటాడకుండా అమ్మి తినడానికి వేరే కొనుక్కుంటారని చెప్పుకొచ్చాడు. భోజనాల దగ్గర హైదరాబాదువాళ్లను తిట్టని తిట్టు లేదు. 'ఏం మనుషులు బావా వాళ్లు, కిందున్నోళ్లు తాగాలె అన్న సోయి లేదా' అన్నాడు. ఆ తర్వాత, 'మీ షోలాపూరోళ్లకేం బావా, మీకు నది లేదు, బాధ లేదు' అన్నాడు.

నేనూ తలూపాను. ఆ రాత్రి పడుకున్నాక అనుమానం వచ్చింది. మరి మన నాలా ఎక్కడికి పోతుంది?

మనవడి బడి భూగోళం పుస్తకంలో పటం తీసి చూశాను. షోలాపూర్ నాలాలు చివరికి సీనాలో పడతాయి. సీనా కూడల్ దగ్గర భీమలో కలుస్తుంది. హత్తర్‌సంగ్ కూడల్, మనం శివరాత్రికి పోయే గుడి, సంగమం పక్కనే. భీమ కర్ణాటకలోకి పోతుంది. అక్కడ గాణగాపురం, దత్తాత్రేయుడి క్షేత్రం. మన గల్లీలో గురువారం గురువారం రైలెక్కి పోయేవాళ్లు ఎంతమందో. అక్కడ భీమలో మూడు మునకలు వేసి, సీసాలో తీర్థం పట్టి తెచ్చి, ఇంట్లో అందరి నోట్లో పోస్తారు. మా ఇంట్లోనూ పోశారు. ఆ భీమలో మన నాలా కూడా కలిసి ఉంది. ఇది మా ఆవిడకు చెప్పొద్దని మొదట అనుకున్నాను, చెప్పేశాను. రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంకా ఉంది. భీమ యాద్‌గీర్ దాటి, తెలంగాణ సరిహద్దులో, నారాయణపేట జిల్లా అంచున కృష్ణలో కలుస్తుంది. అంటే మన పాలమూరు. మా నాయనమ్మ పుట్టిన జిల్లా. అక్కడినుంచి జూరాల, శ్రీశైలం, ఆ తర్వాత నాగార్జునసాగర్, అంటే నల్లగొండ. షోలాపూర్లో మన ఇళ్లలో ఎవర్ని కదిపినా, మా ఊరు నల్లగొండ దగ్గరనో, పాలమూరనో, కరీంనగరనో చెబుతారు. కరీంనగర్ గోదావరి వైపు, వాళ్లు బతికిపోయారు. మిగతా ఇద్దరి పుట్టిళ్లకూ మన నాలాయే పోతోంది. బావ కూడా పాత నల్లగొండ జిల్లా మనిషే. ఆయన తిట్టిన తిట్లలో ఒక వంతు మనకు కూడా చెందుతుంది.

ఇంత దూరం పోయేసరికి నీళ్లు తేరుకోవా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. గంజి, మురుగు కొంత దూరం పోయాక సూర్యరశ్మికి, గాలికి తగ్గుతాయి. వరద కాలంలో పలచబడతాయి. ఉప్పు తగ్గదు, ప్లాస్టిక్కు తగ్గదు, చిన్న ముక్కలవుతుందంతే. మా టువాళ్ల దూది పోగుల కంటే పాలిస్టర్ పోగులు ఇంకా మొండివి. పోతే, దూరపు సంగతి అటుంచి దగ్గర చూడండి. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 చోట్ల నదీభాగాలు కలుషితమయ్యాయని జాబితా వేసింది. అందులో 53 మహారాష్ట్రవే, ఏ రాష్ట్రానికీ అన్ని లేవు. మన సీనా, భీమ రెండూ అందులో ఉన్నాయి.

2025 సెప్టెంబరులో సీనాకు పెద్ద వరద వచ్చింది. నీళ్లు తీశాక విజాపూర్ రోడ్డులో వడకబాళ్ వంతెన దగ్గర ఆగి చూశాను. గట్టు తుమ్మచెట్ల కొమ్మలన్నిటికీ సంచులు, పోగులు, గుడ్డపేలికలు వేలాడుతున్నాయి. మనిషి అందుకోలేని ఎత్తులో. ఒక కొమ్మకు చద్దరు అంచు, దాని మీద డిజైన్ కూడా తెలుస్తోంది. నెమలి.

పనులేవీ జరగడం లేదని నేను అనను. దేగావ్‌లో, కుమఠేలో మురుగు శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. ప్లాస్టిక్ సంచుల మీద మహారాష్ట్రలో 2018 నుంచే నిషేధం ఉంది. ఘంటాగాడీ, అంటే చెత్తబండి, వస్తుంది, పాట పెట్టుకుని వస్తుంది. కానీ శుద్ధి కేంద్రానికి చేరేది పైపులో పడిన నీళ్లే. నాలాలో నేరుగా పడిందాన్ని అది ఏం చేస్తుంది? ఘంటాగాడీ పాట పెద్ద రోడ్డులో వినిపిస్తుంది, లోపలి గల్లీలో సాంచాల చప్పుడులో వినపడదు. ఇది ఎవరి తప్పూ కాదు, కానీ ఆ చెత్త మాత్రం నాలా గట్టుకే పోతుంది. పండుగనాడు, నారళీ పున్నమికి మార్కండేయ రథం వస్తుందంటే రోడ్డంతా కడుగుతాం. కడిగిన నీళ్లు ఎటు పోతాయో మీరే చెప్పండి.

మా గల్లీలో ఒక చిన్న పని చేశాం, గొప్ప కాదు. కార్ఖానాల కడుగుడు నీళ్లు బయటికి వచ్చే చోట చిన్న హౌదు కట్టి ఇనుప జాలీ పెట్టాం. మొదటివారం జాలీ రోజుకు మూడుసార్లు నిండిపోతే ఒక సేటు కోప్పడ్డాడు, నీళ్లు వెనక్కి తన్నుతున్నాయని. నూలు చెత్తను తీసి ఎండబెట్టి గోనెల్లో నింపాం. యంత్రాలు తుడవడానికి గ్యారేజీలవాళ్లు, పరుపులు కుట్టేవాళ్లు వేస్టు కాటన్ కిలోల లెక్కన కొంటారు. నెలాఖరుకు చేతికి వచ్చిన డబ్బు చూపిస్తే అదే సేటు రెండో జాలీ తనే వేయించాడు. గంజికీ రంగుకూ జాలీ పనిచెయ్యదు, అది పెద్ద ఖర్చు, ఒక గల్లీ వల్ల కాదు. గట్టు మీద మాత్రం పెంకులు పోయడం మానేసి గడ్డి, వేపమొక్కలు పెట్టాం. మేకలు తినగా నాలుగు మిగిలాయి.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. నా చిన్నతనంలో బతుకమ్మ ఆడి, మా నాయనమ్మ వాళ్లు పూలను ఆ వాగులోనే వదిలేవాళ్లు. తర్వాత నాలాలో వేయడానికి మనసొప్పక ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి అందులో వేయడం మొదలైంది. తొమ్మిది రోజులు ఆడి, పాడి, సద్దుల రోజున డ్రమ్ములో ముంచుతారు. మర్నాడు ఆ డ్రమ్మును ఏం చేయాలో ఎవరికీ తెలియదు. పోయినేడు మా కోడలు, 'మామయ్యా, ఇవి పాలమూరు దాకా పోతాయన్నారు కదా, పోనియ్యండి' అని డ్రమ్మును నాలా గట్టు మీద వంచింది. తంగేడు, బంతి, గునుగు వరసగా కొట్టుకుపోయాయి. అందరం గట్టు మీద నిలబడి చూస్తున్నాం. మోరీ దాకా పోయి ఆగాయి. ఒకటొకటిగా వచ్చి అక్కడే చేరుతున్నాయి.

మనవడు గడ తేవడానికి లోపలికి పరిగెత్తాడు.